కర్త లేని వాక్యం

బొరుగులు నీళ్ళలో పోసి, అవి మెత్తబడేలోగా పచ్చిమిరపకాయలు చీలుస్తోంది ఇంద్రాణి. ఆదివారమైతే ఆ ఇంట్లో ఉగ్గాని, బజ్జి ఉండి తీరాలి. వారమంతా బడిలో నిలబడి పాఠాలు చెప్పే మనిషికి ఒక్క ఆదివారమన్నా కూర్చునే యోగం ఉండాలని అక్కడ ఎవరికీ తోచదు. బాణలిలో నూనె కాగుతుండగా మొగుడు వేణుగోపాల్ వంటింటి గడప దాకా వచ్చి, లోపలికి రాకుండా తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఏమ్మే, టిఫిన్ అయినంక నాలుగు లైన్లు ఇంగ్లీషులో రాయాల. నాయన చెప్తాడు, నువ్వు రాసేస్తే సరిపోతాది."

ఉప్పు డబ్బా అందివ్వమన్నంత తేలిగ్గా అన్నాడు.

"ఏం లైన్లు?"

"అదే, అనుపమ విషయం. నరసింహప్ప మామ రాసి పంపమంటాండాడు. ఏం జరిగిందో, ఇంకోసారి జరగదని కాగితం మీద పెడితే కూతుర్ని పంపిస్తాడంట. ఆ పిల్లకు తెలుగు చదవను రాదు కదా, ఇంగ్లీషులోనే రాయాల. రాసేది నువ్వే, సంతకం పెట్టేదీ నువ్వేనంట."

"నా సంతకం ఎందుకు?"

"నువ్వు రాస్తేనే నమ్ముతాదంట ఆ పిల్ల. ఏం మందు పెట్టినావో ఏమో!" అని నవ్వి వెళ్ళిపోయాడు.

అనుపమ ఇంద్రాణికి తోడికోడలు, వేణుగోపాల్ తమ్ముడు సందీప్ భార్య. బెంగళూరులో పుట్టి పెరిగిన పిల్ల. నోట్లో తెలుగు ఉంది గానీ బడిలో నేర్చింది కన్నడ, ఇంగ్లీషు. కంపెనీ ఉద్యోగం ఇంటి నుంచే చేసుకుంటూ రెండేళ్ళు ఈ గుంతకల్లులో కాపురం చేసింది. పోయిన నెల ఒక పొద్దున చిన్న పెట్టె పట్టుకుని రైలెక్కి పుట్టింటికి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిందో ఇంట్లో అందరికీ తెలుసు. తెలియనట్టు రాయడానికే ఇప్పుడు ఇంద్రాణి కావాల్సి వచ్చింది.

ఆ ఆలోచనలో ఉండగానే బొరుగులు ముద్దయిపోయాయి. అత్త సుబ్బరత్నమ్మ వచ్చి గిన్నెలో చెయ్యి పెట్టి చూసి, "బొరుగులు నానబెట్టి చంపినావు కదమ్మా" అంది.

చంపినావు. ఇంద్రాణి ఆ మాటను అలాగే మనసులో పట్టుకుంది. ఈ ఇంట్లో ఆడవాళ్ళు చేసిన పనులకు కర్త తప్పకుండా ఉంటుంది. పాలు పొంగబెట్టినావు. చారులో ఉప్పు తక్కువేసినావు. పిల్లను గారాబం చేసి చెడగొట్టినావు. మగవాళ్ళ పనులు మాత్రం వాటంతటవే జరిగిపోతాయి. వేణుగోపాల్ స్కూటరును తీసుకెళ్ళి కరెంటు స్తంభానికి గుద్దితే, బండి తగిలింది. సందీప్ తాగి వచ్చి వాకిట్లో కక్కుకుంటే, కొంచెం ఎక్కువైంది. మామ జయరామయ్య తన సిమెంటు కొట్లో పనిచేసే మనిషిని నలుగురి ముందు అమ్మనా బూతులు తిడితే, నోరు జారింది. కోపం ఎక్కడి నుంచో వస్తుంది, చెయ్యి దానంతటది లేస్తుంది, నోరు దానంతటది జారుతుంది. మగవాళ్ళు పాపం, ఏ సంబంధమూ లేకుండా మధ్యలో నిలబడి ఉంటారు. ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషు వ్యాకరణం చెబుతున్న తనకు, ఇంట్లో రోజూ వినబడే ఈ వ్యాకరణం ఇన్నాళ్ళూ ఎందుకు పట్టలేదో అని చిరాకు పుట్టింది. పట్టకేం, పట్టింది. పట్టినా పొయ్యి మీద ఏదో ఒకటి మాడుతూనే ఉండేది.

ఈ ఇంటికి ఇంగ్లీషులో ఏం కావాలన్నా ఇంద్రాణే. సిమెంటు కంపెనీ సరుకు ఆలస్యం చేస్తే ఆ ఫిర్యాదు తను రాయాలి. బంధువుల పిల్లల పెళ్ళి బయోడేటాలు తను దిద్దాలి. కాలనీలో కాలువ పొంగితే మునిసిపాలిటీకి అర్జీ తనే. గుంతకల్లులో కొళాయి తిప్పితే నీళ్ళు ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు గానీ, ఇంద్రాణిని తిప్పితే ఇంగ్లీషు ఎప్పుడైనా రావలసిందే. వచ్చినందుకు ఎవరూ ఏమీ అనరు. రాకపోతే మాత్రం, "ఉద్యోగానికి పంపిస్తాండాం కదా, ఇంట్లో దానికి పనికిరాకపోతే ఎట్ల?" అంటారు. వేణుగోపాల్ ఆ మాట అన్న ప్రతిసారీ ఆమెకు 'పంపిస్తాండాం' దగ్గరే ముల్లు గుచ్చుకుంటుంది. తను పోతోంది. వీళ్ళు పంపడమేమిటి?

ఇంట్లో ఆమెకు పెట్టిన పేరు గ్రామరమ్మ. సందీప్ పెట్టాడు. ఒకసారి వాళ్ళ పార్టీ నాయకుడి పుట్టినరోజుకు రోడ్డు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టించి, శుభాకాంక్షల మాట చివర అక్కర్లేని చోట అపాస్ట్రఫీ పెట్టించాడు. ఇంద్రాణి చూసి, "అబ్బీ, ఆ చుక్క తీసేయాల, తప్పు" అంటే, "ఆ చుక్కకు ఓట్లు పోతాయా వదినా? గ్రామరమ్మా!" అని ఇల్లంతా నవ్వించాడు. బడిలో కూడా అంతే. కరస్పాండెంటు స్పోకెన్ ఇంగ్లీషు పీరియడు కొత్తగా వచ్చిన కుర్రాడికిచ్చి, "ఆయనకు యాక్సెంట్ ఉంది మేడం, మీరు గ్రామర్ చూసుకోండి" అన్నాడు. ఆ కుర్రాడి పాఠాలు దిద్దే పని కూడా ఆమెకే వేసి, "సాయంత్రాలు మీరు ఇంట్లో తీరిగ్గానే ఉంటారు కదా" అన్నాడు. తీరిక! ఆ మాట అన్న రోజు ఇంటికొచ్చి ఆమె చపాతీ పిండిని ఎంత గట్టిగా పిసికిందంటే, కూతురు ఆశ్రిత వచ్చి "ఏమైందమ్మా" అని అడిగింది.

ఆమెది వజ్రకరూరు. తెలుగు బడిలో చదువుకుంది. వాన పడి వెలిసినాక ఊళ్ళో జనం వజ్రం దొరుకుతుందని తలలు వంచుకుని చేలల్లో మట్టి వెతుక్కుంటూ తిరిగేవాళ్ళు. ఇంద్రాణి అట్లాగే తల వంచుకుని వాక్యం మీద వాక్యం వెతుక్కుంటూ ఇంగ్లీషు నేర్చుకుంది. ఎక్కడ కామా, ఎక్కడ ఫుల్‌స్టాపు, ఎవరు చేశారు, ఎవరికి చేశారు. మాట్లాడితే ఇప్పటికీ నాలుక తడబడుతుంది. రాతలో మాత్రం తప్పు పోదు. అనుపమ దీనికి సరిగ్గా తలకిందులు. గలగలా మాట్లాడుతుంది, స్పెల్లింగు అడిగితే ఫోను చూస్తుంది.

ఆ పిల్ల మీద ఇంద్రాణికి మొదట్లో ఒళ్ళు మండేది. తిన్న కంచం సింకులో పడేసి "అక్కా, కాల్ ఉంది" అని గదిలోకి పోయేది. ఆ కంచం ఎవరు కడగాలి? కాల్ లేని ఆడమనిషి కడగాలి. కానీ ఆ ఇంట్లో అందరికీ వడ్డించినాక "అక్కా, మీరు తిన్నారా?" అని అడిగిన మనిషి కూడా ఆ పిల్లే. కొన్నాళ్ళకు ఇద్దరూ మధ్యాహ్నాలు కూర్చుని ఇంగ్లీషు మాటలు పలకడం మొదలుపెట్టారు. ఇంద్రాణి తప్పు పలికితే అనుపమ పకపకా నవ్వేది, ఆ నవ్వులో వెటకారం ఉండేది కాదు. బదులుగా ఇంద్రాణి ఆమెకు తెలుగు అక్షరాలు దిద్దించింది. 'ఋ' దగ్గర ఆగిపోయింది ఆ చదువు.

ఇక పోయిన నెల ఆ ఆదివారం. మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నారు. అనుపమ కాల్ ముగించుకుని వచ్చేసరికి ఆలస్యమైంది. సందీప్ అప్పటికే చిర్రుబుర్రులాడుతున్నాడు. "మొగుడు ఆకలితో కూర్చుంటే నీకు ఆడ కంప్యూటర్ ముఖ్యమా?" అని గొంతు చించుకుని అరిచాడు. అనుపమ కుర్చీ లాక్కుంటూ, మెల్లగానే, "డోంట్ షౌట్ ఎట్ మి, సందీప్" అంది. అంతే. "నాకే ఇంగ్లీషులో చెప్తావా?" అని లేచి చెంప మీద కొట్టాడు. చెవి కమ్మ ఊడి నేల మీద పడింది. చెవి దగ్గర చర్మం చీలి రక్తం కారింది. ఇంద్రాణి చారు గిన్నె కింద పెట్టి మధ్యలోకి దూరి, మళ్ళీ లేచిన అతని చేతిని మణికట్టు దగ్గర పట్టుకుంది. "వదినా, జరుగు నువ్వు" అన్నాడు సందీప్. "ఇంద్రాణీ, నువ్వెందుకు మధ్యలో?" అన్నాడు కూర్చున్న చోటి నుంచే వేణుగోపాల్. జయరామయ్య పెరుగన్నం కలుపుకుంటూ, "తినేటప్పుడు ఏంది ఈ గలాటా?" అన్నాడు. సుబ్బరత్నమ్మ, "చెయ్యి తగిలినట్టుండాది, పసుపు పెట్టుకోమ్మా" అంది. అదే మాట మరునాటికి ఇంటి మాటయింది. చెయ్యి తగిలింది. గోడకు తగిలినట్టు, దారిలో ఉన్న కుర్చీకి తగిలినట్టు.

ఉగ్గాని తిని, చెయ్యి కడుక్కుని, జయరామయ్య హాల్లో సోఫా మీద సర్దుకుని కూర్చున్నాడు. పక్కన వేణుగోపాల్. ఎదురుగా సందీప్, ఫోన్‌లో తల పెట్టి. సుబ్బరత్నమ్మ కింద చాప మీద చిక్కుడుకాయలు ముందేసుకుంది. ఇంద్రాణి కాగితం పట్టుకుని కుర్చీ చివర కూర్చుంది.

"రాసుకోమ్మా" అన్నాడు జయరామయ్య. "నరసింహప్ప గారికి నమస్కారాలు. మా ఇంట్లో ఒక చిన్న సంఘటన జరిగింది."

"ఏం సంఘటన, మామా?"

"ఏం సంఘటనేంది? జరిగింది కదా, అదే."

"అదే అని రాస్తే ఇంగ్లీషులో అర్థం కాదు. కొట్టడం అని రాయాల."

"కొట్టడం అనొద్దు" అన్నాడు వేణుగోపాల్. "తాకింది అను. టచ్ అను."

"టచ్ అయితే రక్తమెట్ల వస్తాది?"

"నీకు ప్రతిదానికీ ఎదురు ప్రశ్నే. నువ్వు బడిలో లేవు, ఇంట్లో ఉండావు."

జయరామయ్య చేత్తో కొడుకును ఆపాడు. "గమ్మునుండు నువ్వు. చూడమ్మా, కొట్టడం జరిగింది అనే రాయి. ఎవరు కొట్టినారు ఏంటి అని వద్దు."

"కర్త లేకుండా వాక్యం నిలబడదు మామా ఇంగ్లీషులో."

ఆయన తెలుగు బడిలో చదివినవాడు. కర్త, కర్మ, క్రియ మరిచిపోలేదు. కాసేపు ఆలోచించి అడిగాడు. "ఆ కర్తను తీసేసే ఉపాయం ఏదీ లేదా, మీ గ్రామర్లో?"

"ఉండాది" అంది ఇంద్రాణి. "ప్యాసివ్ వాయిస్ అంటారు. చేసినవాళ్ళ పేరు చెప్పకుండా, అయిన పని మాత్రం చెప్పొచ్చు."

"అట్లయితే దాన్ని పెట్టు!" అన్నాడు జయరామయ్య, ముఖం విప్పార్చుకుని. "అంత మంచిది చేతిలో పెట్టుకుని ఇంతసేపు మమ్మల్ని సతాయిస్తాండావేంది?"

మొన్న శుక్రవారం ఇంద్రాణి పదో తరగతి పిల్లలకు ఈ పాఠమే చెప్పింది. చేసినవాళ్ళు ఎవరో తెలియనప్పుడు, తెలిసినా ముఖ్యం కానప్పుడు, ఆ పేరు వదిలేయవచ్చు పిల్లలూ అని బోర్డు మీద రాసింది. ముఖ్యం కానప్పుడు. ఎవరికి ముఖ్యం కానప్పుడో పుస్తకంలో లేదు, తనూ చెప్పలేదు.

"దాంట్లోనే ఇంకో మాట కలపమ్మా" అంది సుబ్బరత్నమ్మ, చిక్కుడు పీచు లాగుతూ. "ఆ పిల్ల మనసు నొచ్చుకుని ఉంటే, అని. నొచ్చుకుని ఉంటే మమ్మల్ని మన్నించమని."

"ఉంటే ఏంటత్తా? నొచ్చుకుని ఉందో లేదో తెలీదా మనకు?"

"తెలిసినా అట్లనే రాస్తారు. మర్యాద."

సందీప్ ఫోనులోంచి తలెత్తాడు. "ఇంతసేపు ఎందుకు నాయనా ఈ పంచాయితీ? ఫోన్‌ను అడిగితే ఒక్క నిమిషంలో రాసిచ్చింది. వినండి" అని ఇంగ్లీషులో గడగడా చదివాడు. దురదృష్టవశాత్తూ ఒక అపార్థం చోటుచేసుకుందట. కొంత అసౌకర్యం కలిగిందట. ఇరువైపులా భావోద్వేగాలు పెరిగాయట. ముందుకు సాగిపోవాలని ఆశించబడుతోందట. ఇంద్రాణి ఆ ఫోను తీసుకుని చూసింది. కామాలు ఎక్కడివక్కడ ఉన్నాయి. వ్యాకరణం అద్దంలా ఉంది. వెతికి వెతికి చూసినా తప్పు ఒక్కటీ లేదు. మనిషి కూడా ఒక్కరూ లేరు.

"చూసినావా వదినా, నీ కంటే బాగా రాసింది."

"అయితే దాని సంతకమే పెట్టించుకో" అంది ఇంద్రాణి ఫోను తిరిగిస్తూ.

"అదే కుదరదంటాండాడు కదరా ఆయన" అన్నాడు జయరామయ్య విసుగ్గా. "ఈమె చేత్తో రాసి, ఈమె సంతకం పెట్టాల. ఆ పిల్ల పట్టు పట్టిందంట."

సందీప్ ముఖం ఎర్రబడింది. "పెద్ద ఘోరం జరిగినట్టు చేస్తాండారు అందరూ! ఏ ఇంట్లో లేదు?"

"అవును మరి" అంది సుబ్బరత్నమ్మ. చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉంది. "నన్ను మీ నాయన కొట్టలేదా? ఆయప్ప బెల్టు తీసినప్పుడు నేనేమన్నా కాగితాలు రాయించుకున్నానా?"

ఆ మాటలో ఆమె కర్తను దాచలేదు. దాచాలని కూడా తోచలేదు. అదేదో తను పాసైన పరీక్షలాగా చెప్పింది. జయరామయ్య కిటికీ వైపు తిరిగి, "ఇప్పుడదంతా ఎందుకు?" అన్నాడు. సుబ్బరత్నమ్మ చేతిలోని కాయను విరిచి పళ్ళెంలో వేసింది.

"వంట చేసుకుని రాస్తాను" అని ఇంద్రాణి కాగితం మడిచి లేచింది.

"సాయంత్రం లోపల అయిపోవాల" అన్నాడు వేణుగోపాల్ వెనక నుంచి. "నాయన చెప్పినట్టు రాయి. నీ సొంత తెలివి వద్దు."

వంటింట్లో కుక్కరు పెట్టి నిలబడితే ఫోను మోగింది. అనుపమ. ఇంద్రాణి గొంతు తగ్గించి "చెప్పు పాపా" అంది.

"అక్కా, మీరే రాస్తున్నారంట కదా?"

"రాయమంటాండారు. నువ్వేం అనుకుంటాండావు? వస్తావా?"

"నాన్నకు నన్ను పంపించేయాలని ఉందక్కా. చెల్లి సంబంధాలు చూస్తున్నారు కదా, నేను ఇక్కడ ఉంటే బాగుండదంట. చేతిలో ఒక కాగితం ఉంటే చాలు ఆయనకు. రోజూ అంటాడు, 'చెయ్యి తగిలిందంట కదమ్మా, నువ్వే పెద్దది చేసుకుంటున్నావేమో' అని. అమ్మ కూడా అదే అంటుంది. అత్తయ్య ఫోన్ చేసినా అదే మాట. అందరూ ఒకటే మాట అంటుంటే నాకే అనుమానం వస్తోందక్కా. నిజంగానే తగిలిందేమో, నేనే..." ముక్కు చీదుకుంది. "అందుకే మీరే రాయాలని పట్టుపట్టాను. మీరు కూడా అట్లాగే రాస్తే, సరే, నాదే భ్రమ అనుకుని వచ్చేస్తాను."

ఇంద్రాణి ఏం చెప్పిందో ఆమెకే గుర్తు లేదు. "తిన్నావా?" అని మాత్రం అడిగినట్టుంది. ఫోను పెట్టేశాక కుక్కరు ఈలలు వేస్తున్నా వినబడలేదు. దెబ్బ తగిలిన చెంప మానుతుంది, చెవి మానుతుంది. తన కళ్ళను తనే నమ్మలేని స్థితికి ఒక మనిషిని తేవడానికి దెబ్బ చాలదు. దానికి ఇంతమంది, ఇన్ని వైపుల నుంచి, ఇంత మర్యాదగా, తగిలింది, తగిలింది అంటూ ఉండాలి. అందులో చివరి గొంతు తనది కావాలట. తను చెమటోడ్చి నేర్చుకున్న ఇంగ్లీషు దీనికి పనికొచ్చిందన్నమాట.

కుక్కరు ఆపింది ఆశ్రిత. ఎప్పుడు వచ్చిందో వంటింట్లోకి. పదో తరగతి చదువుతోంది, తల్లి ఎత్తుకు వచ్చేసింది.

"అమ్మా, ఒకటి అడగాల. అవ్వ చెప్పింది, ఎవరన్నా అడిగితే నేను ఆ రోజు లోపలి రూములో చదువుకుంటాండానని చెప్పాలంట. నేను చూడలేదని. నాన్న కూడా అట్లే చెప్పమన్నాడు. చెప్పాల్నా?"

"నువ్వు యాడున్నావు ఆ రోజు?"

"నీ పక్కనే కదా. పిన్ని కమ్మ కింద పడితే నేనే ఎత్తిచ్చినా." ఆశ్రిత తల్లి ముఖంలోకి చూసింది. "నువ్వేమని రాస్తాండావు, అమ్మా?"

ఇంద్రాణికి కూతురి ప్రశ్న కంటే ఆ పిల్ల నిలబడిన తీరు భయం పుట్టించింది. తల్లి ఏం చెబితే అది చేద్దామని, రెండింటికీ సిద్ధంగా నిలబడి ఉంది. చూడలేదని చెప్పమంటే చూడలేదనే చెబుతుంది. ఈ ఏడాది ఒకసారి చెబుతుంది, ఇంకో ఐదేళ్ళకు ఇంకెవరి ఇంట్లోనో తన చెంప పట్టుకుని తనకే చెప్పుకుంటుంది.

"చూసింది చూసినానని చెప్పు" అంది ఇంద్రాణి. "ఎవరడిగినా."

కూర అట్లాగే వదిలేసి, గట్టు మీద ఇంత చోటు తుడిచి, అక్కడే నిలబడి రాసింది. చిత్తు రాయలేదు. ఇంగ్లీషులో పెద్ద మాటలు ఎన్ని తెలుసో అన్నీ పక్కన పెట్టింది. ఆరో తరగతి పిల్లలకు మొదటి పాఠంలో చెప్పే వాక్యాలు, కర్త ముందు, క్రియ తర్వాత. కింద పేరు రాసి, తేదీ వేసి, ఫోటో తీసి నరసింహప్పకూ అనుపమకూ పంపించింది. పంపించాక కూరలో పోపు వేసింది. ఆవాలు సగం పొయ్యి మీద పడ్డాయి.

సాయంత్రం కాఫీలు అయ్యాక జయరామయ్య పిలిచాడు. "ఏమ్మా, రాసినావా?"

"రాసినాను మామా. పంపించేసినాను కూడా."

"మాకు చూపించకుండానా?" వేణుగోపాల్ కుర్చీలో ముందుకు జరిగాడు.

"చూపిస్తే మీకు అర్థమవుతాదా? చదివి తెలుగులో చెప్తాను, వినండి."

నిలబడే చదివింది. బడిలో లాగా ఒక్కో వాక్యం చదివి, తెలుగులో చెప్పింది. "సందీప్ అనుపమను చెంప మీద కొట్టాడు. తన మీద అరవొద్దు అన్నందుకు కొట్టాడు. ఆమె చెవి చీలి రక్తం వచ్చింది. రెండోసారి చెయ్యెత్తితే నేను పట్టుకున్నాను. నేను చూశాను. ఇంట్లో అందరూ చూశారు. ఇంతవరకూ ఎవ్వరూ ఆమెను క్షమాపణ అడగలేదు. మళ్ళీ కొట్టడని నేను మాట ఇవ్వలేను. ఇట్లు, ఇంద్రాణి."

అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు. సందీప్ లేచి కుర్చీని తన్ని, "నీ పెండ్లాన్ని అదుపులో పెట్టుకోలేవా అన్నా?" అన్నాడు. "ఇంటి పరువు బెంగళూరు దాకా మోసినావు కదమ్మా" అని సుబ్బరత్నమ్మ నెత్తి కొట్టుకుంది. వేణుగోపాల్ ఆమె చేతిలోంచి కాగితం లాక్కుని, చదవలేక, ఇటూ అటూ తిప్పి, "ఉద్యోగానికి పంపించింది ఇందుకా?" అన్నాడు.

"మీరు పంపలేదు. నేను పోతాండాను" అంది ఇంద్రాణి. ఎన్నేళ్ళుగానో దిద్దాలనుకున్న తప్పు అది. ఇంత మామూలు గొంతుతో దిద్దగలనని ఆమె అనుకోలేదు. "సోమవారం నుంచి ఈ ఇంట్లో ఇంగ్లీషు పనులు నేను చెయ్యను. సిమెంటు కొట్టువి గానీ, కాలనీవి గానీ. ఎవరివి వాళ్ళు రాసుకోండి."

వేణుగోపాల్ ఏదో అనబోతుండగా జయరామయ్య ఫోను మోగింది. నరసింహప్ప. అందరూ ఆగిపోయారు. జయరామయ్య చెవి సరిగ్గా వినబడక ఎప్పుడూ స్పీకరే పెడతాడు.

"ఏమప్పా జయరామయ్యా" అంది ఫోనులోని గొంతు. కోపంగా లేదు. వేడుకుంటున్నట్టుంది, అలిసిపోయినట్టుంది. "ఇదేంటప్పా ఇట్ల రాయించినావు? నా పెద్దకూతురి మొగుడికి చూపిద్దామని పిలిచి కూర్చోబెట్టుకున్నా, నా తల కొట్టేసినట్టయింది. ఏదో మాటా మాటా పెరిగింది, పొరపాటు జరిగింది అని రెండు ముక్కలు రాసుంటే, రేపు పొద్దున్నే నా కూతుర్ని రైలెక్కించేవాణ్ణి కదా! నేనడిగింది అంతే కదా! ఇంత పచ్చిగా రాసి పంపినాక, ఇంట్లో అందరూ చదివినాక, నేను ఏ ముఖం పెట్టుకుని పంపేదప్పా పిల్లను?"

వేణుగోపాల్ భార్య దగ్గరికొచ్చి, చెవిలో బుస కొట్టినట్టు, "కోపంలో రాసినానని చెప్పు. తప్పయిందని చెప్పు. చెప్పు!" అన్నాడు.

ఇంద్రాణి టీపాయి మీది ఫోను చేతిలోకి తీసుకుంది. తలుపు దగ్గర ఆశ్రిత నిలబడి చూస్తోంది.

"చిన్నాయనా, నేను ఇంద్రాణిని మాట్లాడతాండా. వీళ్ళెవరూ రాయించలేదు, నేనే రాసినాను" అంది. "మీరు పిల్లను పంపకూడదనే రాసినాను."